సెలవు దినములలో కానరాని దొంగలు

విద్యార్థులారా! సెలవులు సమీపించినవి. మీలో కొందఱు సూర్యాపేటకును, కొందఱు కోదాడకును, కొందఱు మిర్యాలగూడకును, ఆ చుట్టుపట్ల పల్లెలకును పోవుచున్నారు. పయనమునకు ముందు పెద్దలు తాళము సరిగా పడినదో లేదో యని రెండుమాఱులు లాగి చూతురు. అది మంచి యలవాటే. కాని యిప్పటి దొంగ తాళము పగులగొట్టడు. మనచేతనే తలుపు తీయించుకొని లోనికి వచ్చును. వాని పోకడ లెట్టివో, వాని బారినుండి తప్పించుకొను మార్గమేదియో యిచట క్లుప్తముగా వివరించెదను.

సంక్రాంతి సెలవులనాటికి మన ప్రాంతమున వానకాలపు వరి కోత ముగిసియుండును. సాగరు ఎడమకాలువ క్రింద పండిన ధాన్యము మిర్యాలగూడ మిల్లులకును, సూర్యాపేట మార్కెట్టునకును పోవును; దాని సొమ్ము రైతుల బ్యాంకు ఖాతాలలో పడును. ఆ సమయముననే పిల్లలు ఇంటికి వత్తురు. తండ్రి ఫోను వారి చేతికి వచ్చును. 2016వ సంవత్సరమున యూపీఐ పద్ధతి వచ్చినది మొదలు ఆ ఫోనులోనే బ్యాంకును గలదు. అనగా కుటుంబము నెలల తరబడి పడిన కష్టమంతయు ఒక బాలుని వ్రేలికొనపై నిలిచియుండును.

మోసము జరుగు తీరు తెలియుటకై ఒక బాలుని ఊహింతము. వానికి టెలిగ్రామ్‌లో ఒక సందేశము వచ్చును: "వీడియోలకు లైకు కొట్టుము, దినదినమును సొమ్ము పొందుము." మొదట 150 రూపాయలు నిజముగానే వచ్చును. ఇదియే ఎఱ. పిమ్మట "1,000 రూపాయలు క్రిప్టోలో పెట్టుము, 1,300 అగును" అందురు. అదియు వచ్చును. బాలుడు ధైర్యముచేసి తండ్రి ఖాతానుండి 20,000 పంపును. తెరపై అది 60,000గా కనబడును. తీసికొనబోవగా ముందు పన్ను కట్టుమందురు. కట్టిన పిమ్మట రుసుము కట్టుమందురు. కడకు మాటయు నుండదు, మనిషియు నుండడు. తెరపై కనబడినది సొమ్ము కాదు. మోసగాడు వ్రాసిన అంకె మాత్రమే.

ఈ యుపాయము క్రొత్తది కాదు. 1920లో అమెరికాలోని బోస్టను నగరమున చార్లెస్ పొంజీ యనువాడు 45 దినములలో నూటికి 50 లాభ మిత్తునని చెప్పి వేలకొలది జనుల సొమ్ము గైకొనెను. వెనుక వచ్చినవారి సొమ్మునే ముందు వచ్చినవారికి లాభమని పంచెను. కొంతకాలమునకే అంతయు కూలెను. మన దేశమున ఇట్టి గొలుసు పథకములను 1978 నాటి చట్టము నిషేధించినది. కావున "మఱి యిద్దఱిని చేర్చినచో కమిషను" అను మాట వినబడగానే తొలగిపోవుట మేలు.

క్రిప్టో నాణెమన నేమి? 2009లో మొదలైన బిట్‌కాయిన్ వీనిలో ప్రసిద్ధమైనది. అది లోహము కాదు, నోటు కాదు. లోకమందలి అనేక కంప్యూటర్లలో ఒకే రీతిగా వ్రాయబడు లెక్కల పుస్తకములోని పద్దు. పద్దు స్థిరపడిన పిమ్మట దానిని త్రిప్పివ్రాయు అధికారి లేడు. బ్యాంకులో పొరపాటు జరిగినచో మేనేజరు నడుగవచ్చును. ఇచట అడుగుటకు మేనేజరే లేడు. దొంగలకు ఇది ప్రియమగుటకు ముఖ్యకారణ మిదియే. మన ప్రభుత్వము 2022 నుండి దీని లాభముపై 30 శాతము పన్ను విధించినది. పన్ను విధించుట పూచీపడుట కాదు. క్రిప్టో మన దేశమున రూపాయివలె చట్టబద్ధమైన ద్రవ్యము కాదు. నాణెమే లేని నాణెములును గలవు. 2014లో వెలసిన వన్‌కాయిన్ అట్టిది. జనుల నుండి దాదాపు 400 కోట్ల డాలర్లు లాగిన పిమ్మట దాని స్థాపకురాలు రూజా ఇగ్నాటోవా 2017లో అదృశ్యమయ్యెను. సహస్థాపకునకు 2023లో న్యూయార్కు న్యాయస్థానము 20 సంవత్సరముల శిక్ష విధించెను.

ఇక జ్ఞాపకముంచుకొనదగిన నియమములు నాలుగు. మొదటిది: సొమ్ము పుచ్చుకొనుటకు యూపీఐ పిన్ను అక్కఱలేదు, పిన్ను అడిగినచో మన సొమ్ము పోవుచున్నదని యెఱుగవలయును. రెండవది: పెండ్లి శుభలేఖ యనియో, బండి చలానా యనియో వాట్సాప్‌లో వచ్చు ఏపీకే ఫైలును తెఱవరాదు, శుభలేఖ చదువుటకు యాప్‌తో పనిలేదు. మూడవది: "డిజిటల్ అరెస్టు" అనునది మన చట్టములో లేదు, వీడియోలో యూనిఫారముతో కనబడి సొమ్మడుగువాడు పోలీసు కాడు. నాలుగవది: కమిషనుకు ఆశపడి బ్యాంకు ఖాతానుగాని, సిమ్మునుగాని పరులకు ఇయ్యరాదు, దొంగసొమ్మునకు అది దారియగును, కేసు ఖాతాదారునిపైనను పడును.

సొమ్ము పోయినచో ఆ క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేయవలయును, బ్యాంకునకును తెలుపవలయును. మన రాష్ట్రమున 2023 నుండి సైబర్ సెక్యూరిటీ బ్యూరో ఈ నేరములకై పనిచేయుచున్నది. త్వరపడుట యేల? దొంగ ఆ సొమ్మును ఒక ఖాతానుండి మఱియొక ఖాతాకు గంటలలో మార్చివేయును. అది బ్యాంకులలో నున్నంతవఱకే నిలుపుటకు వీలు. నగదైనను, క్రిప్టోగా మారినను చేజిక్కుట దుర్లభము.

కావున తల్లిదండ్రులకు ఒక మనవి. తప్పుచేసిన బాలుడు మొదట భయపడునది దొంగకు కాదు, తండ్రికి. ఆ భయముచే వాడు రెండు దినములు నోరు మెదపనిచో ఆ రెండు దినములే దొంగకు లాభము. వాడు వచ్చి చెప్పినప్పుడు కోపమును ఆవల నుంచి ముందు 1930కి ఫోను చేయుడు. మందలింపు తరువాత కావచ్చును. విద్యార్థులారా! మీరును దాచక చెప్పుడు. ఇంటనున్న అవ్వకును, తాతకును ఈ నాలుగు నియమములు చదివి వినిపింపుడు. సెలవులను సుఖముగా గడపి తిరిగి రండు.