ఇంట తెలుగు, వీధిన తమిళం

కోవిల్‌పట్టి, విరుదునగర్ ప్రాంతాల్లో ఇంట తెలుగు, వీధిన తమిళం మాట్లాడే కుటుంబాలెన్నో. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్‌లో 1923లో పుట్టిన రచయిత కి. రాజనారాయణన్ గారిదీ తెలుగిల్లే. దక్షిణానికి వలస వచ్చిన తెలుగువారి కథను 'గోపల్ల గ్రామం' నవలగా ఆయన తమిళంలో రాశారు.

అయినా భాష దగ్గర ఒక్కోసారి స్నేహితుల మధ్యనే మాటా మాటా పెరుగుతుంది. అందుకే యువతీయువకులు కలిసి కూర్చొని చర్చించుకోవాలి.

1952లో ఆంధ్ర రాష్ట్రం కోసం పొట్టి శ్రీరాములు ప్రాణమిచ్చారు. 1956లో విరుదునగర్‌లో 'తమిళనాడు' పేరు మొదలైన కోరికలతో దీక్ష పట్టిన శంకరలింగనారూ ప్రాణమిచ్చారు. ఆ పేరు 1969లో వచ్చింది. చర్చలో తెలుగు పిల్లలు శంకరలింగనార్ గురించి, తమిళ పిల్లలు శ్రీరాములు గురించి మాట్లాడాలి. జవాబిచ్చే ముందు ఎదుటివారి మాటను వారు ఒప్పుకునేలా తిరిగి చెప్పాలి. గెలుపోటములు వద్దు. ఎదుటివారి అభిమానమూ మన అభిమానం వంటిదేనని తెలిస్తే చాలు.