వార్తల్లో పదం: రిస్కోమీటర్

గోదారి పొంగితే రావులపాలెం చుట్టుపక్కల లంకల వాళ్లు ముందు అడిగేది, ధవళేశ్వరం దగ్గర ఎన్ని అడుగులుందని. 11.75 దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఆ అంకె వినే పశువుల్ని గట్టు మీదికి తోలాలా, ఇంకా ఆగొచ్చా అని తేల్చుకుంటారు.

మ్యూచువల్ ఫండ్లకు మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ పెట్టించిన అలాంటి కొలబద్దే రిస్కోమీటర్. స్కూటర్ మీటరులా సగం చక్రం, దాని మీద ఒక ముల్లు. 2021 జనవరి 1 నుంచి దీనికి ఆరు మెట్లు: ‘తక్కువ’ దగ్గర మొదలై ‘చాలా ఎక్కువ’ దాకా. పథకంలోని షేర్ల ధర ఎంత ఊగుతోంది, అమ్మబోతే ఎంత తేలిగ్గా అమ్ముడవుతాయి, బాండ్ల రేటింగ్ ఏమిటి... ఇవన్నీ లెక్కగట్టి ఫండ్ కంపెనీలు నెలనెలా ముల్లును సరిచూడాలి. అది కదిలితే మదుపరికి మెయిల్ లేదా ఎస్సెమ్మెస్ పంపాలి.

ఒక్కటి మాత్రం మరవకూడదు. ఈ ముల్లు ఆటుపోట్లను చూపుతుంది, మోసాన్ని పట్టదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తమ కంపెనీ లెక్కలు తప్పుడువని లేఖ రాసేనాటికి ఆ షేరు పెద్ద కంపెనీల సూచీ సెన్సెక్స్‌లోనే ఉంది.

అరటి గెలలు అమ్మిన సొమ్ము వచ్చే పంటకు పెట్టుబడిగా కావాలా? అయితే ముల్లు ‘చాలా ఎక్కువ’ మీదున్న పథకంలో దాన్ని పెట్టకండి. సంతకం చేసేముందు ఆ మీటరు బొమ్మ ఎక్కడుందో అడిగి చూడండి.