మత్తడి అని రాయాలా, అలుగు అని రాయాలా?

ఒకే పేజీ మీద పది మంది పిల్లల రాత. మడికొండ బడిపిల్లలకు చేతికందే దూరంలో కొత్త పద్ధతి

మడికొండ: కాజీపేటను ఆనుకొని ఉన్న మడికొండకు ఇంటర్నెట్టులో తెలుగులో ఒక పేజీ ఉంది. తెలుగు వికీపీడియా అనే ఉచిత విజ్ఞాన సర్వస్వంలో రాష్ట్రంలోని ఊళ్లకు పేజీలు పెట్టినప్పుడు దీనికీ పెట్టారు. ఇలా పెట్టిన ఊళ్ల పేజీల్లో చాలావాటిని నింపింది 2011 జనాభా లెక్కలు. ఇళ్లెన్ని, మగవారెందరు, ఆడవారెందరు, సాగుభూమి ఎంత, బడులెన్ని అనే అంకెలకు వాటిలో లోటు లేదు. కాని ఆ ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి చదివితే ఇది మా ఊరేనా అని అనుమానపడే పేజీలు కోకొల్లలు. చెరువు ఎప్పుడు నిండుతుందో, బతుకమ్మను ఏ వాడవాళ్లు ఎక్కడ ఆడతారో, గుట్ట మీది జాతరకు ఎవరు ఏ దారిన వస్తారో అందులో కనపడదు.

ఆ పేజీని దిద్దే అధికారం ఎవరికి ఉంది? అందరికీ ఉంది. ఏడో తరగతి చదివే పిల్లకూ ఉంది. ఈ సంగతి ఊళ్లో చాలామందికి తెలియదు. ఫోను చూడటానికే తప్ప రాయడానికి కాదనే అభిప్రాయం అంతగా పాతుకుపోయింది.

ఒకే కాగితాన్ని పది మంది పది చోట్ల కూర్చొని ఒకేసారి రాసే, దిద్దే సాధనాలు ఇప్పుడు ఉచితంగానే దొరుకుతున్నాయి. 6, 7, 8 తరగతుల తెలుగు పాఠాల్లో చదివించడానికీ రాయించడానికీ వీటిని వాడటం అనేక దేశాల్లో ఏళ్ల తరబడి సాగుతోంది. పట్నం బడులకు పరిమితమనుకునే ఈ పద్ధతి పల్లె పిల్లలకే ఎక్కువ అక్కరకు వచ్చేలా ఉంది.

దీని పుట్టుక మరీ పాతదేమీ కాదు. వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికా ప్రోగ్రామరు 1995లో, చదివినవాడే దిద్దగలిగే మొదటి వెబ్‌సైటును తయారుచేశాడు. హవాయి భాషలో 'వికీ' అంటే త్వరగా అని అర్థం. హొనొలులు విమానాశ్రయంలో తిరిగే బస్సుకు ఆ పేరు చూసి తన సాధనానికీ అదే పెట్టాడు. 2001 జనవరి 15న ఇంగ్లీషు వికీపీడియా, 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలయ్యాయి. తెలుగులో వ్యాసాల సంఖ్య ఇప్పటికి లక్ష దాటింది. జీతం లేకుండా రాసినవారే వాటికి కర్తలు. ఒక రాతను పలువురు ఒకేసారి దిద్దుకునే గూగుల్ డాక్స్ 2006లో వచ్చింది.

మడికొండ వారికి ఇది ఇంకోలా కూడా దగ్గరి విషయమే. 2020 జనవరి 7న ఇక్కడ ఐటీ కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. సైయెంట్, టెక్ మహీంద్రా ముందుగా వచ్చాయి. సాఫ్ట్‌వేరు కొలువుల్లో ఉండేవారు రోజూ చేసేది ఈ పనే. ఒకరు రాసిన దాన్ని మరొకరు తెరుస్తారు, దిద్దుతారు, ఎవరు ఏ మార్పు చేశారో దాచి ఉంచుతారు. పక్కనే ఉన్న బడిలో మాత్రం పిల్లవాడు పక్కవాడి నోటుబుక్కు తొంగి చూస్తే దెబ్బలు పడతాయి.

చదువు సంగతి

దేశంలోని పల్లెల్లో 8వ తరగతి పిల్లల్లో 2వ తరగతి స్థాయి పాఠం చదవగలిగినవారు 2018లో 73 శాతం ఉండగా, 2022 నాటికి 69.6 శాతానికి తగ్గారని 'అసర్' సర్వే తేల్చింది. అంటే పదిమందిలో ముగ్గురు 2వ తరగతి పాఠాన్ని కూడా తడబడకుండా చదవలేని స్థితిలో హైస్కూలు మెట్లు ఎక్కుతున్నారు. మధ్యలో బడులు మూతపడిన కరోనా కాలం ఉంది. అప్పుడు 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో పాఠాలు చెప్పించారు. టీవీ చెప్పింది, పిల్లలు చూశారు. పిల్లలు రాసింది చూసేవారు లేరు.

అదే సర్వే 2024లో మరో సంగతి బయటపెట్టింది. 14 నుంచి 16 ఏళ్ల పల్లె పిల్లల ఇళ్లలో పదింట తొమ్మిదింటికి స్మార్ట్‌ఫోను ఉంది. దాన్ని వాడటం 82 శాతం పిల్లలకు వచ్చు. సర్వేకు ముందు వారంలో చదువు కోసం వాడినవారు 57 శాతం. ముచ్చట్లకు, రీళ్లకు వాడినవారు 76 శాతం. ఫోను ఇంట్లోకి రావాలా వద్దా అనే వాదన ఎప్పుడో ముగిసిపోయిందన్న మాట. వచ్చిన ఫోనుతో ఏం చేయిస్తారన్నదే మిగిలింది.

కలిసి చదవడం ఎలా ఉంటుందంటే, ఉపాధ్యాయుడు ఒక కథను అందరూ చూసే పేజీలో పెడతారు. ప్రథమ్ బుక్స్ వారు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లో తెలుగు కథలు ఉచితంగా ఉన్నాయి. ఐదుగురు పిల్లలు ఒక జట్టు. అర్థం కాని మాట పక్కన ఒకరు ప్రశ్న రాస్తారు, ఇంకొకరు జవాబు రాస్తారు. తరగతిలో లేచి అడగడానికి సిగ్గుపడే పిల్ల కూడా అంచున నాలుగు మాటలు రాయగలదు. గొంతు పెద్దగా ఉన్న ఒకరిద్దరే జవాబులు చెప్పే అలవాటు దీనితో సగం తగ్గుతుంది. ఆ సగం కూడా తక్కువేం కాదు.

రాత విషయానికి వస్తే లాభం ఇంకా స్పష్టం. నోటుబుక్కులో వ్యాసం దిద్దేటప్పుడు కనపడేది చివరి రూపమే. గైడు చూసి ఎత్తిరాసినా, సొంతంగా నాలుగుసార్లు కొట్టేసి రాసినా మార్కులు ఒకటే. ఉమ్మడి పేజీకి 'చరిత్ర' అని ఒక భాగం ఉంటుంది. ఎవరు, ఎప్పుడు, ఏ మాట చేర్చారో, ఏది తీసేశారో అందులో తేదీతో సహా నిలిచి ఉంటుంది. పేజీ అంతా ఒక్కసారిగా ఊడిపడితే అది ఎక్కడి నుంచో తెచ్చి అంటించినదని పంతులుకు క్షణంలో తెలిసిపోతుంది. ఎవరైనా అల్లరికి చెరిపేస్తే పాత రూపాన్ని ఒక్క నొక్కుతో వెనక్కి తేవచ్చు.

కరెంటు లేని ఊళ్లో ఎనిమిది మంది కుర్రాళ్లు

కలిసి రాయడానికి కంప్యూటరే అక్కరలేదని రుజువు చేసిన బడి ఇటలీలో ఉండేది. ఫ్లోరెన్సుకు ఉత్తరాన కొండల్లో బార్బియానా అనే చిన్న పల్లె. లొరెంజో మిలాని అనే క్రైస్తవ మతగురువు అక్కడ రైతుల పిల్లలకు చదువు చెప్పేవాడు. పట్నం బడుల్లో తప్పినవారే వారిలో చాలామంది. ఆ పిల్లల్లో ఎనిమిది మంది కలిసి, తమలాంటి వారిని తప్పించే చదువుల మీద ఒక ఉపాధ్యాయురాలికి ఉత్తరం రాశారు. అది 1967లో పుస్తకంగా వచ్చి అనేక భాషల్లోకి వెళ్లింది. పుస్తకం వచ్చిన కొద్ది వారాలకే, జూన్ 26న, మిలాని కన్నుమూశాడు.

వారు రాసిన తీరు వినదగ్గది. ఎవరికి ఏ ఆలోచన వచ్చినా ఒక చీటీ మీద, ఒక వైపే రాసుకునేవారు. ఒక చీటీకి ఒకటే సంగతి. ఒకరోజు చీటీలన్నీ పెద్ద బల్ల మీద పరిచారు. రెండుసార్లు వచ్చినవి తీసేశారు. ఒకే విషయానికి చెందినవి ఒక కుప్ప చేశారు. కుప్పలు అధ్యాయాలయ్యాయి. తరువాత అందరూ కూర్చొని, తీసేయగల మాటల కోసం, ఎక్కువైన విశేషణాల కోసం, ఒకే వాక్యంలో ఇరికించిన రెండు సంగతుల కోసం వెతికారు. బయటివారికి చదివి వినిపించి, అర్థం కానిచోట మళ్లీ రాశారు. నేటి ఆన్‌లైన్ పేజీ చేసే పనులన్నీ ఆ బల్ల మీద జరిగాయి. తెర వల్ల వచ్చే సౌకర్యం చీటీలు ఎగిరిపోకపోవడం ఒకటి, పక్క ఊరి బడి కూడా అదే బల్ల దగ్గర కూర్చోగలగడం మరొకటి.

కాళోజీ పెరిగిన ఊరు

మడికొండలో ఈ పాఠానికి మరో ముడి ఉంది. ప్రజాకవి కాళోజీ నారాయణరావు 1914 సెప్టెంబరు 9న నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో పుట్టినా పెరిగింది ఇక్కడే. జనం నోట ఉన్న భాషకు బడిలో, పుస్తకంలో చోటుండాలని జీవితమంతా వాదించిన మనిషి ఆయన. 1992లో పద్మవిభూషణ్ వచ్చింది. 2002 నవంబరు 13న మరణించారు. ఆయన పుట్టినరోజే ఇప్పుడు తెలంగాణ భాషా దినోత్సవం.

ఏడో తరగతి పిల్లవాడు చెరువు గురించి ఉమ్మడి పేజీలో "మత్తడి దుంకింది" అని రాశాడనుకోవచ్చు. జట్టులో ఇంకొకరు దాన్ని కొట్టేసి 'అలుగు పారింది' అని మారుస్తారు. పాఠ్యపుస్తకం చదివిన మూడో పిల్ల 'కలుజు' అంటుంది. మూడూ తెలుగే. నోటుబుక్కులో అయితే ఎర్రసిరా గీతతో కథ ముగిసేది. ఉమ్మడి పేజీలో ఆ కొట్టివేత కూడా మిగిలే ఉంటుంది. పక్కన చర్చకు వేరే చోటు ఉంటుంది. ఏ మాట ఎందుకు ఉంచాలో పిల్లలే వాదించుకోవాలి. ఓరుగల్లు వైపు చెరువు నిండి నీళ్లు దుమికే చోటును మత్తడి అంటారని రాసి, పక్కన మిగతా రెండు పేర్లు చేర్చితే చదివేవాడికి మూడు మాటలు దక్కుతాయి. ఇంతకు మించిన పదజాలం పాఠం ఏ గైడులోనూ దొరకదు. అయితే దిద్దే చేతులు ఎక్కువైనకొద్దీ పల్లె మాట ముందుగా కొట్టివేతకు గురవుతుందన్నది కూడా నిజం. పంతులు కాపలా ఉండాల్సింది అక్కడే.

ఇక్కడ ఒక చిక్కు చెప్పుకోవాలి. వికీపీడియాలో అమ్మమ్మ చెప్పిందని రాస్తే నిలవదు. అచ్చయిన ఆధారం చూపమంటారు. మెట్టుగుట్ట మీది రామలింగేశ్వరస్వామి ఆలయం గురించి ఇంట్లో విన్న కథలు ఎంత బాగున్నా అక్కడ చెల్లవు. అందువల్ల పిల్లల మొదటి రాతలకు తరగతి సొంత ఉమ్మడి పేజీయే తగిన చోటు. విన్నది అక్కడ రాయాలి. పుస్తకంలో దొరికింది మాత్రమే, పుస్తకం పేరుతో సహా, విజ్ఞాన సర్వస్వంలోకి పంపాలి. విన్నదానికీ అచ్చులో ఉన్నదానికీ తేడా పన్నెండేళ్లకే తెలియడం మంచిదే.

చదువులో వెనుకబడిన పిల్లలకు తెలుగు వికీసోర్స్ బాగా పనికొస్తుంది. అక్కడ పాత తెలుగు పుస్తకాల పేజీల బొమ్మలు ఒకవైపు, యంత్రం చదివి ఇచ్చిన అక్షరాలు మరోవైపు ఉంటాయి. యంత్రం థకు ధ, పకు వ, మకు య అనుకొని తప్పులు చేస్తుంది. పిల్లలు రెండూ పోల్చి అక్షరం అక్షరం చదివి దిద్దాలి. ఒకరు దిద్దితే పేజీ గుర్తు పసుపు అవుతుంది. వేరొకరు సరిచూస్తేనే ఆకుపచ్చ అవుతుంది. తన పేజీని తానే ఆకుపచ్చ చేసుకోవడం కుదరదు. యంత్రం తప్పు పట్టుకున్న పిల్లవాడి ఉత్సాహం వేరు.

అడ్డంకులు

సాధనం వచ్చినంత మాత్రాన పని కాదని ఈ ప్రాంతానికి అనుభవమే. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదువేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటర్లు ఇచ్చారు. ఐదేళ్ల గడువుతో నడిపే బాధ్యతను ప్రైవేటు సంస్థలకు అప్పగించారు. గడువు తీరాక బోధకులు వెళ్లిపోయి, అనేక చోట్ల ఆ గదులకు తాళాలు పడ్డాయి. కాబట్టి ఉన్న ఒక్క ఫోనుతో, ఒక్క కంప్యూటరుతో సాగే పద్ధతి కావాలి. ఐదుగురికి ఒక తెర చాలు. ఒకరు టైపు చేస్తారు, ఒకరు చెబుతారు, ఒకరు పుస్తకం చూస్తారు, ఇద్దరు తప్పులు పడతారు. వారానికి ఒకసారి పనులు మార్చుకుంటారు. మార్చకపోతే చురుకైనవాడే ఎప్పుడూ మీటల దగ్గర ఉంటాడు, మిగిలినవారు కిటికీలోంచి చూస్తుంటారు. ఆడపిల్లలను రాసుకొచ్చే పనికి, మగపిల్లలను మీటల పనికి పెట్టే అలవాటునూ మొదటి వారమే తెంచాలి.

టైపు చేసే తీరు మరో సమస్య. ఇంగ్లీషు అక్షరాలతో కొడితే తెలుగు వచ్చే మీటల వరుస పిల్లలకు తేలిక. కాని ఒత్తులు, దీర్ఘాలు ఫోనే పెట్టేస్తుంది. 2017 నుంచి తెలుగులో మాట చెబితే రాసే సౌకర్యం కూడా వచ్చింది. నోటితో చెప్పి రాయించడం బాగా వెనుకబడిన పిల్లలకు మొదటి మెట్టుగా మంచిదే. దానితోనే ఆగితే అక్షరం చేతికి రాదు. నేరుగా తెలుగు అక్షరాల మీటలు వాడించడం, మొదటి ప్రతిని కాగితం మీద చేత్తో రాయించడం మేలు.

తల్లిదండ్రుల భయాలూ కొట్టిపారేయదగినవి కావు. 13 ఏళ్లు నిండని పిల్లలు సొంతంగా గూగుల్ ఖాతా తెరవడానికి వీల్లేదు. 2023లో వచ్చిన చట్టం ప్రకారం 18 ఏళ్లలోపు వారి వివరాలు సేకరించాలంటే పెద్దల అనుమతి ఉండాలి. అందుకని ఖాతా ఉపాధ్యాయునిదో బడిదో అయి ఉండాలి. పేజీ తరగతి వారికే కనిపించేలా పెట్టాలి. పిల్లల పూర్తి పేర్లు, ఫొటోలు, ఫోను నంబర్లు అందులో ఉండకూడదు. ఎవరు రాశారో తెలియడానికి జట్టు పేరు, వరుస నంబరు సరిపోతాయి.

కొత్త మార్కుల పట్టిక కూడా అవసరం లేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో పుస్తకం చదివి ప్రతిస్పందన రాయడం, ప్రాజెక్టు పని ఇప్పటికే ఉన్నాయి. బజారులో అట్ట ముక్కలు, రంగు కాగితాలు కొని, ఇంట్లో పెద్దవాళ్లతో రాయించి తెచ్చే ప్రాజెక్టు స్థానంలో ఊరి చెరువు మీద ఒక ఉమ్మడి పేజీ పెట్టుకోవచ్చు. సెప్టెంబరు 9 నాటికి అది సిద్ధం కావాలంటే జూన్‌లో బడి తెరిచిన నెలలోనే చీటీలు రాయడం మొదలుపెట్టాలి. మత్తడి దుమికేది, చెరువు కట్ట మీద నిలబడి చూసి రాసుకోదగింది వానకాలంలోనే.