మాంటిస్సోరి తరగతి: పసివారి సంఘజీవనం

తెలుగునాట అనేక పట్టణాలలో 'మాంటిస్సోరి' అనే పేరు బడుల బోర్డులపై కనిపిస్తుంది. అమెరికాలోనూ అంతే. ఈ పేరుపై ఏ ఒక్క సంస్థకూ ప్రత్యేకమైన హక్కు లేదని 1967లో అమెరికా వాణిజ్యచిహ్నాల న్యాయమండలి తేల్చివేసింది. కనుక ఆ పద్ధతిని శ్రద్ధగా పాటించేవారూ, పేరు మాత్రమే పెట్టుకున్నవారూ దానిని సమానంగానే వాడుకోవచ్చును. బడిని ఎన్నుకునే తల్లిదండ్రులు బోర్డును చూచి కాక, లోపల పిల్లలు ఏ విధంగా కలిసి జీవిస్తున్నారో చూచి నిర్ణయించుకోవలసి ఉంటుంది.

ప్రవాస కుటుంబాలకు ఈ విషయం మరింత ముఖ్యమైనది. ఇంట ఒకరో ఇద్దరో బిడ్డలు. పెదనాన్నలు, పిన్నులు, వారి పిల్లలు సముద్రాల కావల ఉంటారు. మూడవ యేట బడిలో అడుగుపెట్టిన పాపకు తొలిసారిగా దొరికే 'ఊరు' ఆ తరగతి గదియే. అక్కడ ఒక పూట కూర్చుని చూచిన తల్లికి సందేహం కలుగక మానదు. ఎవరి చాప వారు పరచుకొని, ఎవరి పని వారు మౌనంగా చేసుకుంటూ ఉంటే, కలిసిమెలిసి ఉండటం ఎట్లా అలవడుతుంది? ఇది నేటి సందేహం కాదు. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు విలియం కిల్‌పాట్రిక్ 1914లోనే, ఈ పద్ధతిలో పరస్పర సహకారానికి తగినంత చోటు లేదని విమర్శించాడు.

వైద్యురాలైన మారియా మాంటిస్సోరి 1907 జనవరి 6న రోము నగరంలోని సాన్ లోరెంజో అనే పేదవాడలో తన మొదటి 'బాలల గృహం' తెరిచింది. కూలిపనులకు వెళ్లిన తల్లిదండ్రుల పిల్లలు గోడలు పాడుచేయకుండా చూడాలన్నది ఆ భవన యజమానుల కోరిక. ఆమె అక్కడ చూచినది వేరు. ఒకనాడు ఆమె పిల్లలకు చప్పుడు కాకుండా ముక్కు తుడుచుకొనే పద్ధతిని పాఠంగా చెప్పింది. పిల్లలు నవ్వలేదు, చివర చప్పట్లు కొట్టారు. అంతవరకు ఆ విషయమై వారిని కసరినవారే గాని, ఎట్లా చేయాలో నేర్పినవారు లేరు. నలుగురిలో మర్యాదగా మెలగటం పసివారికి భారం కాదనీ, అది వారు కోరుకొనే గౌరవమేననీ ఆమె గ్రహించింది.

తరగతి గదిలోని ఏర్పాట్లన్నీ ఈ గ్రహింపుపై నిలిచినవే. ప్రతి బోధనోపకరణమూ గదిలో ఒక్కటే ఉంటుంది. 1 సెంటీమీటరు మొదలు 10 సెంటీమీటర్ల వరకు భుజం గల పది ఘనాలతో పేర్చే గులాబీరంగు గోపురం ఒక్కటే. 30మంది పిల్లలున్నా ఒక్కటే. ఇది పొదుపు కోసం చేసినది కాదు. ఒకరు దానితో పనిచేస్తుండగా మరొకరు వేచి ఉండాలి. పని ముగిసిన తరువాత, తీసినవాడే దానిని తీసినచోట, తీసినట్లుగా, తరువాతి వాని కోసం సర్దిపెట్టాలి. ప్రయోగశాలలో ఒకే ఒక సున్నితపు త్రాసు ఉన్నచోట పెద్ద పెద్ద పట్టాలు పొందినవారికి కూడ ఈ మాత్రపు సంస్కారం కరవు కావటం లోకవిదితమే. నాలుగేళ్ల పిల్లవాడు అది రోజుకు పదిసార్లు అభ్యసిస్తాడు. ఇతరుల చాపను తొక్కకుండా చుట్టి నడుస్తాడు. అడగకుండా వారి పనిని ముట్టుకోడు.

నీళ్లు పోసుకొనేందుకు గాజు గ్లాసులనే ఇస్తారు. జారితే పగులుతుంది. అప్పుడు కసరరు, చేటా చీపురూ ఎక్కడున్నాయో పిల్లలకు తెలుసు, పెద్దపిల్లలు చిన్నవారిని గాజుముక్కల దాపునకు రానివ్వరు, పంతులమ్మ వచ్చి ఏరివేస్తుంది. ఉపాహారపు బల్లవద్ద రెండే కుర్చీలు ఉంటే మూడవవాడు వేచి ఉంటాడు; తిన్నవాడు తన పళ్లెం కడిగి బోర్లిస్తాడు.

మరొక అభ్యాసం మౌనక్రీడ. ఒకనాడు మాంటిస్సోరి నాలుగు నెలల శిశువును తరగతికి తెచ్చి, ఈ పాప ఎంత నిశ్చలంగా ఉన్నదో చూడండని పిల్లలతో అన్నది. గది అంతా సద్దుమణిగిపోయింది. ముప్పైమందిలో ఏ ఒక్కరు కాలు కదిపినా చెదిరిపోయే వస్తువు నిశ్శబ్దం. దానిని ఎవరూ ఒంటరిగా తయారు చేయలేరు. కిల్‌పాట్రిక్ వెదకిన సహకారం ఇంతకంటె ఏముంటుంది?

ఈ సంఘానికి మాంటిస్సోరి పెట్టిన పేరు రసాయనశాస్త్రం తెలిసినవారికి పరిచితమైనదే: సంసంజనం. కుండలోని నీటికి కుండయే ఆకారమిస్తుంది. తామరాకుపై నీటిబొట్టు మాత్రం తన అణువుల పరస్పరాకర్షణ చేతనే గుండ్రంగా నిలుస్తుంది. క్రమశిక్షణ పేరిట పిల్లలను కుండలో పోయటం తేలిక. బొట్టుగా నిలపటం కష్టం. ఆమె మరొక పోలిక కూడ చెప్పింది: ఆరేళ్లలోపు పిల్లల సంఘం మగ్గంపై ముందుగా సాగదీసిన పడుగు వంటిది. దారాలు పక్కపక్కనే ఉంటాయి, ఇంకా అల్లుకోవు. పడుగు సరిగా లేనిదే పేక నిలువదని మన నేతగాండ్రకు వేరే చెప్పనక్కరలేదు. ఈ భావాలున్న గ్రంథం 1949లో మద్రాసులోనే వెలువడింది. 1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై అడయారు వచ్చిన ఆమె, మరుసటి యేడు ఇటలీ యుద్ధంలో దిగటంతో శత్రుదేశీయురాలిగా ఆంక్షలకు లోనై, 1946 వరకు భారతదేశంలోనే ఉండిపోయింది.

ఇక నిదర్శనాల మాట. 2006లో 'సైన్స్' పత్రికలో ప్రచురితమైన మిల్వాకీ నగర అధ్యయనంలో, లాటరీలో మాంటిస్సోరి బడిలో చోటు దొరికిన పిల్లలను, అదే లాటరీలో దొరకని పిల్లలతో పోల్చారు. లాటరీ ఉండటమే ఇందులోని బలం. లేకుంటే శ్రద్ధ గల తల్లిదండ్రుల ఫలితమా, బడి ఫలితమా అన్నది తేలదు. ఐదేళ్ల మాంటిస్సోరి పిల్లలు తగవు పరిష్కారానికి న్యాయాన్యాయాల ప్రసక్తి తెచ్చి ఎదుటివానిని ఒప్పించటం ఎక్కువ. ఆటస్థలంలో దొమ్మీ తక్కువ. అయితే పరిశీలించిన బడి ఒక్కటే, పిల్లలు నూటికి కాస్త పైబడినవారు మాత్రమే. దీనిని తుదితీర్పు అనరాదు.

ఇంట తెలుగు మాత్రమే విన్న పాపకు ఈ గదిలో ఒక సౌలభ్యం ఉన్నది. గోపురం పేర్చటానికి ఇంగ్లీషు అక్కరలేదు. మాట రాని నెలల్లో కూడ ఆమెకు పనీ చోటూ ఉంటాయి. అన్నం చేతితో తినటం చూచి తోటివారు వింతపడతారేమోనని సంకోచించక, దానికీ ఒక మర్యాద ఉన్నదనీ, వ్రేళ్ల కొసలతోనే కలిపి తినాలనీ పంతులమ్మకు తెలియజేస్తే, అదీ ఒక పాఠంగా చెప్పదగినదే. స్వదేశం నుండి వచ్చిన అమ్మమ్మ కొసరి కొసరి తినిపించటంతో బడికి వైరం లేదు. తినిపించిన తరువాత కంచాలు తీసే పని పాపకు వదిలితే చాలును.

చివరగా, అధిక కుటుంబాలు తడబడే చోటు. ఈ తరగతిలో మూడు నుండి ఆరేళ్ల వారు కలిసే ఉంటారు; పాప అక్కడ మూడేళ్లు గడపాలి. ఐదవ యేడు రాగానే ప్రభుత్వ బడిలో కిండర్‌గార్టెన్ ఉచితం గనుక చాలామంది మాన్పిస్తారు. రుసుము భారం నిజమే. కాని మొదటి రెండేళ్లు చూచి నేర్చిన పాప చిన్నవారికి బొత్తాలు పెట్టటం నేర్పేది, అడిగినప్పుడే సాయపడాలనీ అడగనప్పుడు ఊరుకోవాలనీ తెలుసుకొనేది ఆ మూడవ యేటనే. ఒక్క బిడ్డగా పెరిగే పాపకు అక్కగా ఉండే అవకాశం బహుశా అదొక్కటే. పెద్దపిల్లలు ఆ తరగతికి తోడు వంటివారు. తోడు లేని పాలు పెరుగు కావు. వారంతా వెళ్లిపోయిన బడిలో ప్రతి యేడూ పంతులమ్మ అంతా మొదటి నుండి చెప్పుకోవలసి వస్తుంది. చేర్చేటప్పుడే ఆ గదిలో ఐదేళ్లు దాటినవారు ఎందరున్నారని అడిగి, వీలైతే ఒక ఉదయం మూలగా కూర్చుని చూడవచ్చును.