సారు ఒక్కరు, తరగతులెన్ని?

తరగతిలో పిల్లలు తగ్గితే చదువు బాగుపడుతుందా? దీన్ని తేల్చడానికి అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 1985లో పెద్ద ప్రయోగమే చేసింది. చిన్న పిల్లల్లో కొందర్ని లాటరీ పద్ధతిలో 13–17 మంది ఉన్న తరగతుల్లో, మిగతావాళ్లను 22–25 మంది ఉన్న తరగతుల్లో కూర్చోబెట్టింది. చిన్న తరగతుల పిల్లలే ముందున్నారు. పెద్ద తరగతికి సహాయకురాలిని ఇచ్చినా పెద్దగా లాభం కనిపించలేదు.

కారణం ఒక లెక్కలో చూడొచ్చు. 42లోంచి 17 తీసెయ్యమంటే మూడో తరగతి పిల్ల 35 అని రాసింది. ఏడులోంచి రెండు తీసింది, నాలుగులోంచి ఒకటి తీసింది. పెద్ద అంకెలోంచి చిన్న అంకె తీయడమే తీసివేత అనుకుంటోంది. ఇంటు కొట్టి పంపితే రేపూ అదే తప్పు. పక్కన కూర్చుని, "ఎట్ల చేసినవో చెప్పు బిడ్డా" అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ రెండు నిమిషాల తీరిక టీచరుకు ఉండాలి.

జగిత్యాల జిల్లా సారంగాపూర్ లాంటి పల్లె మండలాలకు వచ్చేసరికి లెక్క మారుతుంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రైమరీ బడిలో 60 మంది దాకా ఇద్దరు టీచర్లు చాలు. ముప్పై మందికి ఒకరు, కాగితం మీద బాగానే ఉంది. కానీ ఒకటి నుంచి ఐదు దాకా తరగతులు ఐదు, టీచర్లు ఇద్దరే. పిల్లలు ఇరవై మందే ఉన్నా, అక్షరాలు దిద్దేవాళ్లనూ భాగహారం చేసేవాళ్లనూ ఒకే టీచరు చూసుకోవాల్సి వస్తుంది.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పరిశోధకులు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ వంద పల్లె బడులకు ఒక్కో కాంట్రాక్టు టీచరును అదనంగా ఇచ్చి చూశారు. రెండేళ్లకు పిల్లలు లెక్కల్లో, భాషలో మెరుగయ్యారు. వందమందిలో సరిగ్గా మధ్యన ఉండే పిల్లవాడు మరో ఆరుగురిని దాటాడన్నంత మెరుగు. కెన్యాలో చేసిన ఇలాంటి ప్రయోగంలో మాత్రం ఒకటో తరగతిని ఎనభై మంది నుంచి సగానికి తగ్గించినా, పాత టీచర్ల దగ్గరే ఉన్న పిల్లలకు చెప్పుకోదగ్గ లాభం రాలేదు. అక్కడే, ఎంత వచ్చో దాన్ని బట్టి పిల్లల్ని విడదీసి చెప్పిన బడుల్లో అందరూ ముందుకెళ్లారు.

కాబట్టి తలలు లెక్కపెట్టి ఊరుకుంటే సరిపోదు. ఈసారి బడి మీటింగుకు పోయినప్పుడు తల్లిదండ్రులు రెండు సంగతులు అడగాలి: ఒక్క టీచరు ఎన్ని తరగతులు చూస్తున్నారు? మా బిడ్డకు ఏది వచ్చు, ఏది రాదు?