రాజధానిని జయించిన మఫసలు జట్టు

గ్రీసు దేశమున ఫుట్‌బాల్ చిరకాలముగ రెండు నగరప్రాంతముల సొత్తు. దక్షిణమున ఏథెన్సు నగరము, దానిని ఆనుకొనియున్న పిరేయస్ రేవు, ఉత్తరమున థెస్సలొనికి. జాతీయ ఛాంపియన్‌షిప్ ఆరంభమైన నాటినుండి నేటివరకు ఆ పదవి ఇంచుమించుగ ఈ రెండు తావుల జట్ల చేతులలోనే తిరుగుచు వచ్చినది. ఒలింపియాకోస్, పనథినైకోస్, ఏఈకే, పావోక్, ఆరిస్ అను ఐదు నామములకు వెలుపల ఆ విజేతల పట్టికలో కానవచ్చు పేరు ఒక్కటే: 1988వ సంవత్సరమున ఛాంపియన్‌షిప్ గెలిచిన లారిసా పట్టణపు జట్టు.

లారిసా థెస్సలీ మైదానమునకు నడిబొడ్డున, పినియోస్ నదీతీరమున వెలసిన ప్రాచీన పట్టణము. వైద్యశాస్త్రపితామహుడుగ కీర్తి గాంచిన హిప్పొక్రేటిస్ తన అంత్యకాలమును ఇచ్చటనే గడపెనని ఐతిహ్యము. గోధుమయు ప్రత్తియు పండు ఈ సమతలభూమి పూర్వకాలమున అశ్వములకు ప్రసిద్ధి. అలెగ్జాండరు అధిరోహించిన బ్యూసెఫలస్ అను ఉత్తమాశ్వమును తెచ్చి యమ్మజూపినవాడు థెస్సలీ దేశీయుడే యని ప్లూటార్కు వ్రాసినాడు. అందుచేత నీ జట్టు తన చిహ్నముగ గుఱ్ఱమును నిలుపుకొనుట మిక్కిలి ఉచితముగ నున్నది. అయినను 1980 ప్రాంతమున లక్షకు ఇంచుమించుగ జనాభా గలిగి, చుట్టుపట్ల రైతులకు సంతయు కచేరీయునైన ఈ పట్టణమును, ముప్పది లక్షల జనముతో క్రిక్కిరిసిన ఏథెన్సువారు తమకు సమఉజ్జీగ నెన్నడును తలపలేదు.

ఆ పట్టణమున తొలుత ఒక జట్టు గాక నాలుగు జట్లుండెను: ఇరాక్లిస్, ఆరిస్, తొక్సోతిస్, లారిసైకోస్. పేటకొక జట్టు, జట్టుకొక అభిమానవర్గము, చాలీచాలని ధనము. ఇట్టి స్థితిలో ఏ ఒక్కటియు దేశస్థాయికి ఎదుగజాలదని గ్రహించిన పెద్దలు 1964 మే మాసమున ఆ నాల్గింటిని విలీనము గావించి, లారిసా క్రీడా సమాఖ్య యను ఏకసంస్థను నెలకొల్పిరి. తరతరముల అభిమానమును విడనాడి, తమ జట్టుపేరును తామే తుడిచివేసికొనుటకు అంగీకరించిన ఆ నాలుగు వర్గములవారి త్యాగమే పిమ్మటి ఘనతకంతకును పునాది యని నా నిశ్చితాభిప్రాయము. కొత్త సంస్థ తొమ్మిదేండ్లకు, అనగా 1973లో, ప్రథమశ్రేణికి చేరినది.

1980 తరువాతి దశాబ్దమున ఆ జట్టు వికసించినది. 1982లోను 1984లోను గ్రీకు కప్పు అంతిమపోటీకి వచ్చి, రెండుమారులును పనథినైకోస్ చేతిలో ఓడెను. నడుమ 1983లో లీగున ద్వితీయస్థానము నందెను. 1985లో మూడవసారి అంతిమపోటీకి వచ్చినపుడు పావోక్ జట్టును 4-1 తో చిత్తుచేసి, కప్పును థెస్సలీకి కొనిపోయెను. కరాపియాలిస్, మిత్సిబోనాస్, గలిత్సియోస్, మిహైల్, జియోగాస్, అలెక్సూలిస్ మొదలైన ఆటగాండ్రు ఆ దశాబ్దపు జట్టులో ముఖ్యులు. ఈ జట్టుకు శిక్షకుడుగ వచ్చిన యాసెక్ గ్మోఖ్ పోలెండు దేశీయుడు, 1978 ప్రపంచకప్పున తన దేశపు జట్టును నడపినవాడు. 1984 నాటి కప్పు పోటీలో లారిసాను ఓడించిన పనథినైకోస్ జట్టుకును అతడే శిక్షకుడు!

1987-88 సీజనున లారిసా పట్టికలో అగ్రస్థానమున సాగుచుండగా పిడుగువంటి వార్త వచ్చిపడెను. ఒక పందెము పిమ్మట జరిపిన పరీక్షలో ఆ జట్టులోని విదేశీ ఆటగాడొకడు నిషిద్ధమైన కొడీన్‌ను సేవించినట్లు తేలినది. దగ్గుకును నొప్పికిని వైద్యులు వాడు ఔషధములలో నుండు పదార్థమది. నాటి నిబంధన ననుసరించి జట్టు ఖాతానుండి నాలుగు పాయింట్లు తీసివేసిరి. గెలుపునకు రెండు పాయింట్లే లభించు ఆ రోజులలో అది రెండు విజయములు పోగొట్టుకొనుటతో సమానము.

అంతట లారిసా ప్రజలు వీథులకెక్కిరి. ఏథెన్సునుండి థెస్సలొనికికి పోవు జాతీయ రహదారి ఆ పట్టణప్రాంతము మీదుగనే పోవును. అట్టి మార్గమును జనము అడ్డగించి కూర్చుండగా దేశము రెండు ముక్కలైనట్లయ్యెను. తుదకు ప్రభుత్వము దిగివచ్చి చట్టమును సవరించెను. ఒక్కని దోషమునకు శిక్ష ఆ ఒక్కనికే గాని జట్టుకు చెందదని నిర్ణయము వెలువడి, పాయింట్లు మరల జమయైనవి. ఆట నడుచుచుండగ నిబంధన మార్చుట న్యాయమా యని అడుగువారుందురు. వారి ప్రశ్న నిరాధారము కాదు. పోటీపడిన తక్కిన జట్లకు కష్టము తోచుట సహజము. కాని సహచరులెరుగని దోషమునకు ఇరువదిమంది శ్రమను హరించు నిబంధన మొదటనే తప్పని నాకు తోచుచున్నది. తప్పును దిద్దుట ఆలస్యమైనను దిద్దుటే.

1988 మే 1వ తేదీన, సీజనులో ఇంకొక పందెము మిగిలియుండగ, పినియోస్ ఒడ్డునగల అల్కజార్ క్రీడాంగణమున థెస్సలొనికికి చెందిన ఇరాక్లిస్‌తో పోటీ జరిగినది. గెలిచినచో ఛాంపియన్‌షిప్ తమది. గంటన్నర ఆటలో దాదాపు కడవరకును గోలు పడలేదు. 87వ నిమిషమున యోర్గోస్ మిత్సిబోనాస్ తలతో కొట్టిన బంతి వలలో పడినది. రాజధానికిని థెస్సలొనికికిని వెలుపలి పట్టణమొకటి గ్రీసు ఛాంపియనగుట అదియే ప్రథమము. నేటివరకును అది ద్వితీయమునకు నోచుకొనలేదు. ఆ గోలు వేసిన మిత్సిబోనాస్ 1997లో కారు ప్రమాదమున అకాలమరణము నొందెను.

1988 విజయము పిమ్మటి సీజనున యూరోపియను కప్పులో స్విట్జర్లాండు జట్టైన నోషతెల్ జామాక్స్‌తో సరిసమానముగ పోరాడి, పెనాల్టీలలో ఓడిరి. పిమ్మట ప్రసిద్ధులైన ఆటగాండ్రు పెద్ద జట్లకు తరలిపోయిరి. ఇదియే చిన్న పట్టణముల క్లబ్బులకు సర్వత్ర ఎదురగు విపత్తు: పెంచినది తాము, ఫలమనుభవించునది ధనవంతులు. 1996లో ప్రథమశ్రేణినుండి జారి, అప్పులలో మునిగి, జట్టు తృతీయశ్రేణి వరకును దిగిపోయినది.

అయినను ప్రజలు దానిని వదలలేదు. 2004లో ద్వితీయశ్రేణికి, 2005లో ప్రథమశ్రేణికి ఎక్కివచ్చి, రెండేండ్లు తిరుగకమునుపే, 2007 మే మాసమున వోలోస్ నగరపు క్రీడాంగణమున, పూర్వము రెండుమారులు తమ్మోడించిన ఆ పనథినైకోస్‌నే 2-1 తో గెలిచి కప్పు నెత్తినది. ఆ శరత్కాలముననే యూఫా కప్పులో ఇంగ్లండు జట్టగు బ్లాక్‌బర్న్‌ను ఇంటికి పంపెను. 2010లో పదునారువేలకు పైబడి ప్రేక్షకులు కూర్చుండదగిన నూతన క్రీడాంగణము లేచినది. ఆ మరుసటి ఏడే జట్టు మరల దిగజారినది. అటుపిమ్మట ఎక్కుట, దిగుట జరుగుచునే వచ్చి, 2021లో పడిపోయిన ఆ జట్టు 2025లో తిరిగి ప్రథమశ్రేణికి చేరుకొన్నది.