ఇంటి చదువు కాలేజీలో నిలుస్తుందా?

“బడి మాని ఇంట్లో చదివిన పిల్ల కాలేజీలో నెగ్గుకు రాగలదా, మాస్టారూ?”

జూన్ నెల వచ్చిందంటే మా పలాస ప్రాంతపు తల్లిదండ్రులు కొందరు ఈ ప్రశ్న వేస్తూంటారు. చాలా ఏండ్లుగా కాలేజీలో తెలుగు చెబుతున్నవాణ్ణి గనుక నాకు తోచింది చెబుతాను. నెగ్గగలదు. కాని ఇల్లు ఇచ్చేది సగమే. తక్కిన సగం ఎక్కడ దొరుకుతుందో ముందుగా చూసుకోవాలి.

క్రైస్తవ కుటుంబాలలో ఇంటి చదువు పాత సంప్రదాయమే. ఇంగ్లండులోని ఎప్‌వర్త్ అనే వూళ్లో మతగురువు భార్య సుసన్నా వెస్లీ (1669–1742) 19 మంది పిల్లల్ని కన్నది. బతికి పెద్దవారైన 10 మందికీ ఆమే పంతులమ్మ. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం మూడు గంటలు పాఠం. అదిగాక వారానికొక సాయంత్రం ఒక్కొక్క బిడ్డతోనూ విడిగా కూర్చుని మాట్లాడేది. ఆ పిల్లల్లో ఒకడే మెథడిస్టు ఉద్యమానికి మూలపురుషుడైన జాన్ వెస్లీ. అతడు 1714లో లండన్‌లోని బడికీ, 1720లో ఆక్స్‌ఫర్డుకూ వెళ్లాడు. అంత గొప్ప గురువైన తల్లి కూడా కొడుకును చివరిదాకా ఇంట్లోనే అట్టేపెట్టుకోలేదు సుమా! అదే తల్లి దగ్గర పాఠం విన్న కూతుళ్లకు మాత్రం ఆ తలుపు తెరుచుకోలేదు. ఆక్స్‌ఫర్డులో ఆడవారికి పట్టాలివ్వడం 1920లో గాని మొదలుకాలేదు.

ఈ కాలంలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది అమెరికాలో. 1993 నాటికి అక్కడి 50 రాష్ట్రాలలోనూ అది చట్టసమ్మతమైంది. 1999లో సుమారు ఎనిమిదిన్నర లక్షల మంది పిల్లలు ఇంట చదివేవారని ప్రభుత్వ లెక్క. 2016 నాటికి ఆ సంఖ్య దాదాపు 17 లక్షలు. మతబోధ కోసమని కొందరు, బడి వాతావరణం నచ్చక కొందరు పిల్లల్ని ఇంట చదివిస్తారు. ఇలా చదివిన క్రైస్తవ విద్యార్థులను దృష్టిలో పెట్టుకుని 2000లో వర్జీనియాలో పాట్రిక్ హెన్రీ కాలేజీ అని ఒక కళాశాలే వెలిసింది.

మన సీమకూ ఇది బొత్తిగా కొత్త కాదు. గిడుగు రామమూర్తి పంతులుగారు (1863–1940) పర్లాకిమిడిలో బడిపంతులుగా వుంటూనే ప్రైవేటుగా చదివి బి.ఏ. ప్యాసయ్యారు. ఇక టెక్కలి ఒకప్పుడు కెనడా బాప్టిస్టు మిషను కేంద్రాలలో ఒకటి. ఈ చుట్టుపట్ల క్రైస్తవుల ఇండ్లలో సాయంకాలం కుటుంబప్రార్థన, ఒకరు గ్రంథం చదివితే తక్కినవారు వినడం మామూలే.

మూడేండ్ల క్రిందట మా క్లాసులో చేరిన ఒక అమ్మాయి అటువంటి ఇంటిదే. ఉద్దానాన్ని పీడిస్తున్న మూత్రపిండాల జబ్బు ఆమె తండ్రిని మంచాన పడేసింది. తల్లి జీడిపప్పు ఫ్యాక్టరీకి పనికి పోయేది. ఎనిమిదో తరగతితో పిల్ల బడి ఆగిపోయింది. తండ్రికి మందులిస్తూ, ఆయన పక్కనే చదువుకుంటూ, ఓపెన్ స్కూలు ద్వారా పదీ, ఇంటరూ పూర్తిచేసింది. రోజూ సాయంత్రం బైబిలులో ఒక అధ్యాయం పైకి చదివించి, “నీకేం అర్థమైందో నీ మాటల్లో చెప్పమ్మా” అనేవాడట తండ్రి.

ఆ చదువు వృథా పోలేదు. బైబిలు తెలుగు పాత తెలుగు గదా, గ్రాంథికం చూస్తే ఆ పిల్ల బెదరలేదు. ఒకరు వెనక నిలబడి తరమకుండానే గంటల తరబడి చదవగలదు. ఐతే రెండు నెలలు తిరిగేసరికి చదువు మానేస్తానన్నది. తల్లి పని మానుకుని వచ్చి, “ఇంటికాడ గడగడా సదివీది బాబూ, ఇక్కడికొచ్చి నోరిప్పదేటి?” అని కంటనీరు పెట్టుకుంది.

కారణాలు చిన్నవే. పాఠం సాగుతూండగా నోట్సు రాసుకోవడం రాదు. అరవై మంది మధ్య లేచి మాట్లాడలేదు. అన్నిటికన్న పెద్దది మరొకటి. ‘కన్యాశుల్కం’లో మధురవాణి మంచిదా కాదా అని క్లాసులో చర్చ వచ్చింది. ఈమె మాటను పక్క పిల్ల కాదన్నది. ఈమె దాన్ని తిట్టుగా తీసుకుంది. ఇంట్లో నాన్న మాటే చివరి మాట. ఎదుటివాడు కాదన్నా స్నేహం చెడదని ఆమెకు తెలిసే వీలేది?

ఇద్దరు ఆడపిల్లల్ని తోడిచ్చి, రోజూ ఒక గంట లైబ్రరీలో కలిసి చదవమన్నాను. వాళ్లకు ఈమె పద్యం చదవడం నేర్పింది, ఈమెకు వాళ్లు నోట్సు రాయడం నేర్పారు. వాదించుకోవడం ముగ్గురూ కలిసి నేర్చుకున్నారు. ఆమె ఈ ఏడు డిగ్రీ పూర్తిచేసింది. ప్రార్థన మానలేదు, వాదనా మానలేదు!

కాబట్టి ఇంట చదివించే తల్లిదండ్రులకు నా మనవి ఇది. వారానికి రెండు రోజులైనా నలుగురు పిల్లల్ని కలిపి కూర్చోబెట్టండి. మీరు పాఠం చెబుతూంటే ముఖ్యాంశాలు రాసుకోమనండి. గడియారం ముందు పెట్టి మూడు గంటల పరీక్ష రాయించండి. సైన్సు చదివే బిడ్డకు ప్రయోగశాల చూపించే ఏర్పాటు చేయండి. ముఖ్యంగా, అప్పుడప్పుడు మీ మాటను కాదనే స్వాతంత్ర్యం బిడ్డకివ్వండి. ఆ అలవాటు ఇంట్లో అయితే, కాలేజీలో అడుగు తడబడదు.